ఎనిమిదో గ్రహం నిలబడ్డ జాగ

డాంబరు వాసన.

ఎండ ఎక్కుతున్న కొద్దీ మెత్తబడి, మెల్లగా ఊపిరి వదులుతున్న డాంబరు వాసన.

జగిత్యాల నుంచి కోరుట్లకు పోయే రోడ్డు ఆ పొద్దు ఒక్క చక్రం కూడా లేకుండా పండుకుంది — ఎవరో మగ్గం మీది నుంచి కోసి, చుట్టకుండా వదిలేసిన నల్లటి గుడ్డ లాగ.

హారన్ లేదు. పొగ లేదు. ఒక ఉడుత రోడ్డుకు ఇటు నుంచి అటు పోయింది, తొందరపడకుండా. నడుమ ఆగి మూతి కూడా తుడుచుకున్నది.

ఉడుతకు కూడా తెలుసు. ఇయ్యాల బందు.

రోడ్డు బందు… బంధువులంతా రోడ్డు మీదనే.

ఈ మాట ముత్యం సారుది. మైకు లేకుండానే అన్నడు, టెంటు అవతలి కొస దాకా వినబడ్డది. ముత్యం సారు ఊరి బడిలో సైన్సు చెప్తడు. పుట్టింది సిరిసిల్లలో, సాంచాల నడుమ. మరమగ్గాలు రాత్రింబగళ్లు కొట్టుకునే ఇంట్లో పెరిగినోనికి గొంతు చిన్నగ ఎట్ల ఉంటది? ఆయన గుసగుస పెడితే పక్కూరోడు నవ్వుతడు. ఒక్క మాటనూ ఒక్క అర్థంతోని వదిలిపెట్టి ఎరుగడు.

సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తున్నది. బొగ్గుబావులు బందు. బస్సులు బందు. కరెంటు పోవుడు కాదు, వచ్చుడు వార్త. సిరిసిల్ల నుంచి సారు వాళ్ల నాయిన ఫోన్ చేసి, "సాంచాలు ఆగినయి కొడుకా, చప్పుడు లేక నిద్ర పడతలేదు" అన్నడు.

బడికి తాళం.

ఆ తాళం వేసింది ముత్యం సారే. తప్పు కాదు, సమ్మె. అయినా తాళం వేసిన చేయి పండుకున్నప్పుడు కుట్టేది. గ్రహాల పాఠం సగంలో ఆగింది. చంద్రుని దాకా వచ్చిన్రు పిల్లలు. అక్కడినుంచి ముందుకు పోలేదు, కిందికి దిగలేదు. ఎనిమిదో తరగతి మొత్తం అంతరిక్షంలో వేలాడుతున్నది, దించే సారు రోడ్డు మీద నినాదాలిస్తున్నడు.

అందుకే అనుకున్నడు. బడి రోడ్డెక్కింది కాబట్టి రోడ్డునే బడి చేద్దాం.

ఆ దినాలల్ల అన్నీ రోడ్డు మీదనే. రోడ్డు మీద ఆట, రోడ్డు మీద పాట, రోడ్డు మీద గడ్డం గీకుడు. ఆ పొద్దు వంటావార్పు. ఊరి స్టేజి కాడ, బస్సులు ఆగే చోట టెంటు వేసిన్రు. డాంబరు మీదనే మూడు రాళ్ల పొయ్యిలు. ఇంటింటికెల్లి ఒకరు బియ్యం, ఒకరు పప్పు, ఒకరు ఉల్లిగడ్డ. ఊరంతా ఒక్క గంజుల ఉడకాలె, ఒక్క బంతిల తినాలె — అది మాట.

సత్యవ్వ గుమ్మడికాయ తెచ్చింది.

ఊరి అవతలి వాడ నుంచి, నెత్తి మీద పెట్టుకొని, ఒక్క చేయి కూడా ఆనించకుండా. కాయ కాదది, కాంతి. పసుపుపచ్చగ, గుండ్రంగ, ఆమె ఇంటి రేకుల మీద పాకిన పాదుకు కాసింది. వానకాలమంతా కప్పు మీద కూసోబెట్టుకొని సాదుకున్నది. ఆదివారం చర్చికి కట్టే తెల్లచీర కట్టుకొని వచ్చింది. వారం నడుమ ఆ చీర కట్టుడు అదే మొదలు. ఊరంతా ఒక్క తాన తింటదన్న మాట నమ్మింది మరి.

వంట చూసుకునే రుక్కమ్మ ఎదురొచ్చి రెండు చేతుల దించుకున్నది. "అబ్బ, ఎంత మంచి కాయ తెచ్చినవే అవ్వా!"

"ఇటియ్యి, నేను కోస్త" అని సత్యవ్వ కత్తిపీట ముందట కూసోబోయింది.

రుక్కమ్మ నవ్వింది. "నువ్వెందుకవ్వా, ఎండల వడి నడిసొచ్చినవు. గక్కడ నిమ్మలంగ కూసో. మేం జూసుకుంటం గద."

ఎంత మర్యాద! ఎవరూ జరుపలేదు, కత్తిపీటే తనంత తాను జరిగినట్టు అనిపించింది.

కాయ ఇటు. మనిషి అటు.

సత్యవ్వ లేచింది. టెంటు నీడ ఎక్కడ ఒడుస్తదో అక్కడ కూసున్నది. సగం వెలుగుల, సగం చీకట్ల — అష్టమి నాటి చంద్రుని లాగ.

ముత్యం సారు చూసిండు.

చూసి, ఆకాశం దిక్కు తల ఎత్తిండు. ఆకాశం గురించి చదివినోళ్లకు ఇదొక సుఖం. ఎప్పుడు కావాలంటే అప్పుడు పైకి చూడొచ్చు.

*

గుమ్మడికాయ సూర్యుడు.

కోసేదానికి ముందు ఒక్క గంట అరువు తీసుకున్నడు రుక్కమ్మ దగ్గర. రోడ్డు నడుమ బోర్లించిన తట్ట మీద పెట్టిండు. పిల్లలు చుట్టూ మూగిన్రు. పెద్దలు కూడా మూగిన్రు. సమ్మెలో పొద్దు గడుచుడే కష్టం గదా.

"సూర్యుడు గింతుంటే భూమి ఎంతుంటదిరా?"

కొబ్బరికాయంత అన్నడొకడు. మామిడికాయంత అన్నడొకడు. సారు జేబులకెల్లి తీసింది జొన్నగింజ.

రుక్కమ్మ చేతిల గంటె ఆగింది.

"గింతేనా సారు మనది?" అన్నడు నర్సయ్య. కూలి నర్సయ్య. తాత నాటినుంచి జానెడు జాగ లేని ఇల్లు. సారు ఆ గింజను తీసుకపోయి ఆయన అరచేతిలనే పెట్టిండు.

"ఇగో నర్సన్నా, పట్టా. భూమి మొత్తం నీ పేరు మీదనే."

టెంటు ఊగిపోయింది. నర్సయ్య కూడా నవ్విండు. నవ్వుకుంట నవ్వుకుంటనే పిడికిలి గట్టిగ మూసుకున్నడు.

తైదగింజ, అదే రాగిగింజ, బుధుడు. ఇంకో జొన్నగింజ శుక్రుడు. ఆవగింజ కుజుడు. అవన్నీ టెంటుకు దగ్గరనే, కేకేస్తే పలుకుతయి. నిమ్మకాయ గురుడు. అది బుచ్చన్నకు. టెంటు బుచ్చన్నది, మైకు బుచ్చన్నది, ఊర్లె మాట బుచ్చన్నది. గురుని చుట్టు పెద్ద చంద్రులు నలుగురు తిరుగుతరు. బుచ్చన్న చుట్టు తిరిగేటోళ్లు కూడా లెక్కకు నలుగురే. కొత్తగ వెతికే పని పడలేదు. ఒకడు గొడుగు పట్టిండు కూడా.

ఉసిరికాయ శని. కల్లు గీసే మొండయ్యకు ఇయ్యబోతే రెండడుగులు వెనుకకు జరిగిండు.

"శని నాకెందుకు సారూ! ఇప్పటికే తాళ్లల్ల కల్లు పారక సస్తున్న."

"అన్ని గ్రహాలల్ల సక్కనిది శనే మొండన్నా. నడుముకు వలయముంటది."

మొండయ్య నడుము దిక్కు చూసుకున్నడు. తాటిచెట్టు ఎక్కే మోకు ఉన్నది, గుండ్రంగ. "గట్లయితే సరే" అన్నడు.

గోలీ యురేనస్. ఆటో తోలే అంజికి. యురేనస్ పక్కకు ఒరిగి పండుకొని తిరుగుతది; అంజి ఆటో కూడ అంతే. "ఆటో ఉండంగ నడిచి పోవుడా సారూ?" అన్నడు అంజి. "గ్రహచారం అంటే గదే తమ్మీ" అన్నడు సారు.

నవ్వు మీద నవ్వు. పొయ్యి మీద పప్పు.

ఇగ మిగిలింది ఒక్క గచ్చకాయ.

నెప్ట్యూన్. అన్నిటికన్న ఆఖరుది. కిలోమీటరు దాటి, కల్వర్టు దాటి, రోడ్డు వంపు తిరిగినంక ఇంకా అవతల. నీడ లేదు. మాటకు మనిషి లేడు. ఎవరు పోతరు? పడుచు పిల్లగాండ్లు సెల్‌ఫోన్లల్లకు చూసిన్రు. బుచ్చన్న గొడుగులకు చూసిండు. కొందరు పొయ్యి దిక్కు చూసిన్రు.

సారు వేలు తిరిగింది.

పొయ్యిల మీద, జనం మీద, నీడ మీద తిరిగి తిరిగి… నీడ ఒడిసిన కాడ ఆగింది.

"సత్యవ్వా. నువ్వు నెప్ట్యూన్."

అడుగలేదు. అన్నడు. వెంటనే మైకు అందుకున్నడు. "సమ్మెల మనకు ఆగ్రహం ఉన్నది, పోలీసులకు నిగ్రహం ఉన్నది. సత్యవ్వ గూడ గ్రహమైతే ఏమైతది? సత్యా… గ్రహం!"

చప్పట్లు. ఈలలు. సత్యవ్వ కూడ నవ్వింది, కొంగు అడ్డం పెట్టుకొని.

ఆ నవ్వుల కింద ఇంకో చప్పుడు. రుక్కమ్మ గంజు మీద మూత పెట్టి, తేలికగ ఊపిరి వదిలిన చప్పుడు. సాంచాల నడుమ పెరిగినోనికి చిన్న చప్పుళ్లు వినబడవంటరు. ఇది వినబడ్డది.

"నాకక్కడ ఏం పని సారు?"

"ఏం లేదవ్వా. గీ గచ్చకాయ అరచేతిల పెట్టుకొని నిలబడు. పిల్లలను తోలుకొని ఒక్కొక్క గ్రహం కాడికి వస్త. ఆఖరికి నీ కాడికి. అసలు పాఠం నీ కాడనే. అందాక జరుగకు."

"పిల్లలు వస్తరా?"

"వస్తరు."

ఆమె మొఖం మీద ఒక మెరుపు. మళ్లీ అడిగింది. "బుచ్చన్నకు నలుగురు చంద్రులనిచ్చినవు. మరి నాకో?"

"నీకూ ఉన్నడవ్వా ఒకడు. గట్టోడు. అందరూ ఒక దిక్కు తిరిగితే వాడు ఎదురు తిరుగుతడు."

"గసొంటోడైతే నాకు మంచిగుంటడు. ఏడీ?"

సారు అటు ఇటు చూసిండు. ఎవరూ లేవలేదు.

సత్యవ్వ ఒక్కతే పోయింది.

మొదలు మనిషి. తర్వాత తెల్లచీర. తర్వాత తెల్లచుక్క.

తర్వాత… ఎండ.

*

పాఠం బయలెల్లింది. రోడ్డంత పొడుగు పాఠం.

బుధుడు దాటిన్రు. శుక్రుడు దాటిన్రు. నర్సయ్య పిడికిలి విప్పి భూమిని చూపిచ్చిండు, వెంటనే మూసిండు. పిల్లలు బుచ్చన్న చుట్టు తిరిగి, చంద్రులను గిచ్చి, ముందటికి ఉరికిన్రు. మొండయ్య మోకు తీసి వాళ్ల నడుములకు తగిలిచ్చిండు. ప్రతోడూ ఒక్క నిమిషం శని అయ్యిండు. ఇంత ఖాళీ ఉంటదా సారూ, నడుమ ఏముండదా, ఉత్త చీకటేనా… అడుగుకుంట అడుగుకుంట యురేనస్ దాకా వచ్చిన్రు.

అక్కడికి పోపు వాసన వచ్చింది.

ఎల్లిపాయ, ఎండుమిరప, కరివేపాకు. రోడ్డు వెంట, గ్రహాలన్నిటిని దాటుకుంట, అంజి దాకా వచ్చింది.

"ఆకలైతాంది సారూ."

"ఇంకా నెప్ట్యూన్ ఉన్నది గద సారూ" అన్నది కళ్యాణి అనే పిల్ల. ఒక్కతే అన్నది.

సారు రోడ్డు దిక్కు చూసిండు. వంపు. వంపు మీద ఎండ నీళ్ల లాగ కదులుతున్నది. అవతల ఎవరూ కనబడలేదు.

నెప్ట్యూన్ కథ అక్కడ చెప్పాలనుకున్నడు. ఉత్త కంటికి కనబడని గ్రహం ఎనిమిదిట్ల అదొక్కటే. దాన్ని మొదలు చూసి కాదు, లెక్క కట్టి పట్టిన్రు. యురేనస్ నడకలో తేడా వచ్చింది. అవతలినుంచి ఏదో లాగుతున్నది, కనబడకున్నా అక్కడ ఒక బరువు ఉన్నది అనుకున్నరు. ఆ బరువు కాడికి పిల్లలను తీసుకపోయి చెప్పాలనుకున్నడు. ఆఖరి గ్రహం దగ్గర నిలబడి, సూర్యుడు ఎంత చిన్నగ కనబడుతడో చూపియ్యాలనుకున్నడు.

"తిన్నంక పోదాం పాండ్రి" అన్నడు.

వెనుకకు మళ్లిండు. మళ్లుతుంటే ఏదో లాగినట్టయింది.

ఆకలి అనుకున్నడు.

*

టెంటు కాడికి వచ్చేసరికి సూర్యుడు లేడు.

తట్ట ఉన్నది. సూర్యుడు గంజుల ఉడుకుతున్నడు, బెల్లం ఏసి, చింతపండు పిండి, పులుసు. "ఇన్ని రోజులు సూర్యుని చుట్టు మనం తిరిగినం. ఇగ సూర్యుడే మన కడుపుల తిరుగుతడు" అన్నడు సారు. మళ్ల నవ్వు. ఆ పొద్దు ఆయన ఏమన్నా నవ్వే.

బంతి కూసున్నది. గ్రహాలన్నీ కక్ష్యలు వదిలిపెట్టి విస్తర్ల ముందట కూసున్నయి. రమ్మన్న కేక బుచ్చన్న నుంచి మొండయ్యకు, మొండయ్య నుంచి అంజికి. అంజి అవతలికి ఒక్క కేకేసిండు. వంపు దాటి పోయిందో లేదో చూడలేదు. ఎవరో ఒకరు చెప్తరనుకున్నడు. మొండయ్యా అట్లనే అనుకున్నడు. సారూ అట్లనే…

ఎవరో ఒకరు. చాన పెద్ద గ్రహమది. అందరి తప్పులూ దాని చుట్టే తిరుగుతయి.

సూర్యుని వెలుగు నెప్ట్యూన్‌కు చేరాలంటే నాలుగు గంటలు పడుతది. ఆలస్యమైతది గని, చేరుతది.

కూడు అయింది రాండ్రి అన్న మాట అసలే చేరలేదు.

"విశ్వం విస్తరిస్తున్నది పిల్లలూ" అన్నడు సారు, విస్తరి పరుచుకుంట. పిల్లలు పొలమారేటట్టు నవ్విన్రు. గుమ్మడి ముక్క నోట్ల వేసుకున్నడు. కరిగింది. ఇంకో గంటె వేయించుకున్నడు. విస్తర్లు సరిగ్గ సరిపోయినయి. ఎవరికీ తక్కువ కాలేదు. ఎట్ల సరిపోయినయో ఎవరూ అనుకోలేదు.

సత్యవ్వ బంతిల లేదని ఎవరికీ అనిపియ్యలేదు. ఉంటదని ఎవరూ అనుకోనే లేదు.

చేతులు కడుక్కుంటుంటే బుచ్చన్నకు ఫోన్ వచ్చింది. ఇయ్యాల్టికి చాలు, రోడ్డు ఇడువుండ్రి అని. టెంటు తాళ్లు విప్పిన్రు. పొయ్యిరాళ్లు పక్కకు దొర్లిచ్చిన్రు. ఎక్కడెక్కడో ఆగి ఉన్న లారీలు ఒక్కసారి గొంతు సవరించుకున్నయి.

అప్పుడు వచ్చిండు జగిత్యాల నుంచి పేపరాయన. "రోడ్డు మీద ఏందో గ్రహాల పాఠం చెప్పిన్రట సార్?"

సారుకు మళ్ల ఊపొచ్చింది. గొంతు పెంచిండు.

"గిక్కడ సూర్యుడు, ఇప్పుడు మా కడుపులల్ల ఉన్నడు. గీడ బుధుడు. గాడ భూమి, నర్సన్న పేరు మీద పట్టా. గా మైలురాయి కాడ గురుడు. మొండన్న శని. అంజి యురేనస్. నెప్ట్యూన్…"



పక్కనుంచి లారీ పోయింది, కోరుట్ల దిక్కు. దాని వెనుక ఇంకోటి. దాని వెనుక ఇంకోటి.

అందాక జరుగకు.

"అంజీ!"

*

ఆటో ఒక పక్కకు ఒరిగి ఉరికింది.

రోడ్డు మళ్ల రోడ్డయింది. మొత్తం చక్రాలే. ఎదురుంగ లారీలు, వెనుక లారీలు, నడుమ నల్లపొగ. గురుడు నిలబడ్డ కాడ నిమ్మకాయ చితికి ఉన్నది. ఆ పులుపు వాసన ఒక్క క్షణం ఆటోలకు వచ్చి పోయింది. శని పోయిండు. యురేనస్ పోయిండు. ఇందాక పిల్లలతోని నడిచినప్పుడు ఇంత ఖాళీనా అని మురిసిన దూరం…

ఇంత దూరమా.

ఇంత దూరం ఒక ముసలామెను పంపిన్నా.

"ఎవలన్న చెప్పే ఉంటరు సారూ" అన్నడు అంజి, ముందటికి చూసుకుంట.

సారు నెపం పెట్టడానికి ఒక పేరు వెతికిండు. అంజి. మొండయ్య. రుక్కమ్మ. పేర్లన్నీ తిరిగి తిరిగి తన కాడికే వచ్చినయి. ఆ వేలు తనది. ఇప్పుడు ఆటో కడ్డీని పట్టుకొని ఉన్నది. దానికి దారి ఎవరు చెప్పిన్రు? అన్ని మొఖాల మీద తిరిగి, ఏ ఆలోచనా లేకుండ, సక్కగ ఆ నీడ అంచుకే ఎట్ల పోయింది?

ఆలోచించి పెట్టి ఉంటే అది ఒక తప్పు. ఆలోచించకుండనే పెట్టిండు. ఊరు వేల ఏండ్లుగ పెట్టిన జాగలనే పెట్టిండు.

కల్వర్టు దాటింది. వంపు తిరిగింది.

ఒక లారీ రోడ్డుకు అడ్డంగ ఆగి ఉన్నది. దాని వెనుక హారన్ల వరుస. డ్రైవరు సగం బయటికి వంగి మొత్తుకుంటున్నడు.

"ఓ అవ్వా! బందు అయిపోయింది! జరుగూ!"

లారీ ముందట, బంపరుకు బారెడు దూరంల తెల్లచీర. రోడ్డు నడుమ తెల్లగీత మీద రెండు పాదాలు జోడించి నిలబడి ఉన్నది. కుడి చేయి ముందటికి చాపి ఉన్నది. అరచేతిల గచ్చకాయ. చెయ్యి బరువై కిందికి దిగుతుంటే ఎడమ చేత్తోని మోచేతిని ఎత్తిపట్టుకున్నది.

"జరుగద్దన్నరు బిడ్డా" అంటున్నది డ్రైవరుతోని. "పిల్లలొస్తున్నరు."

సారు దుంకిండు. ఉరికిండు. ఆమె భుజం పట్టుకొని రోడ్డు పక్కకు తెచ్చిండు. జాకిటి చెమటకు తడిసి, ఆరి, మళ్ల తడిసి ఉప్పు గీతలు కట్టి ఉన్నది. లారీ ఒక తిట్టు తిట్టి పోయింది. ఆ తిట్టు ఎవరికి తగలాల్నో వారికే తగిలింది.

"వచ్చినవా సారు" అన్నది సత్యవ్వ. పెదవులు అంటుకపోయినయి. ఆయన వెనుకకు తొంగి చూసింది. "పిల్లలేరి?"

ఆయనకు ప్రతి మాటకు ఇంకో మాట ఉంటది. వెతికిండు.

"పిల్లలు… ఇండ్లకు పోయిన్రవ్వా. తిని."

"తిన్నరా." చెయ్యి దించింది. వేళ్లు ఒక్కొక్కటే మలుపుకున్నది. "కాయ మంచిగ ఉడికిందా? జర లేతగుండె. ఇంకో వారం పాదుకే ఉంచుదామనుకున్న. సమ్మె గద అని తెంపుకొచ్చిన."

"మంచిగుండె అవ్వా."

నిజంగనే మంచిగుండె. ఆ రుచి ఇంకా నాలుక మీద ఉన్నది, తియ్యగ, సిగ్గు లేకుండ.

అంజి నీళ్ల సీసా ఇచ్చిండు. ఆమె మూతి తగలకుండ ఎత్తి పోసుకున్నది. ఎవరూ చెప్పలేదు, సీసాకు మూతి పెట్టద్దని. చేతికి అలవాటు. సారు ఆ చేతిని చూసిండు. తన వేలిని చూసుకున్నడు. రెండూ ఒకే బడిల చదువుకున్నయి.

"ఆటో ఎక్కవ్వా. ఆడికి పోతే నీకు…"

ఆగిండు. ఆడ ఏం లేదు. గంజులు తోమి బోర్లిచ్చిన్రు.

"ఎందుకు సారు? మా వాడ గిదే గద." పసుపు చేను నడుమ బాట చూపిచ్చింది. చేను అవతల రేకుల కప్పులు. "నువ్వు నన్ను మా ఇంటి కాడనే నిలవెట్టినవు."

ఎకసెక్కం లేదు ఆ గొంతుల. ఉంటే బాగుండు.

"పిల్లలొస్తరంటే ఒక మాట అనుకొని పెట్టుకున్న" అన్నది. "చాన సేపు నిలవడ్డ గద. మంచిగ అనుకున్న."

"ఏం మాటవ్వా?"

"పిల్లలకు సారు. నీకెందుకు."

గచ్చకాయ ఆయన చేతిల పెట్టింది. కాలుతున్నది. రెండడుగులు పోయి వెనుకకు తిరిగింది.

"సారు… నేను ఆడికి కనవడ్డనా?"

పిల్లలు అడిగితే చెప్పేటోడే. కనబడదు, ఉత్త కంటికి కనబడదు, ఉన్నదని లెక్క కట్టి తెలుసుకోవాలె అని. లెక్క కట్టనిది తనేనని కూడ చెప్పాల్సి వస్తది.

"కనవడ్డవవ్వా" అన్నడు.

సత్యవ్వ రోడ్డు దిక్కు చూసింది. వంపు. లారీలు. దుమ్ము.

"నాకైతే మీరెవ్వలు కనవడలే" అన్నది.

పసుపు ఆకులు ఆమె నడుము దాక. తర్వాత భుజాల దాక. తర్వాత ఆకులే.

*

సమ్మె ఇంకొన్ని రోజులు నడిచింది. టెంటు మళ్ల పడ్డది. నినాదాలు మళ్ల లేచినయి. వాడ నుంచి మంది వచ్చిన్రు. సత్యవ్వ రాలేదు.

రుక్కమ్మ ఒకనాడు అడిగింది. "గా గుమ్మడికాయ అవ్వ ఏది, కనవడ్తలేదు?" ఆ ప్రశ్నల ఏ దోషం లేదు. సారు మైకు పట్టుకున్నడు. మాట కోసం నోరు తెరిచిండు. ఒక్క అర్థమున్న మాట కూడ రాలేదు. రెండు అర్థాల మాట ఎక్కడినుంచి వస్తది?

బడి తెరిచిన్రు. తాళం తుప్పు పట్టి మొండికేస్తే నూనె పోసి తీసిండు. పాఠం ఆగిన కాడ మొదలు పెట్టిండు. నెప్ట్యూన్ సూర్యుని చుట్టు తిరగడానికి నూట అరవై అయిదేండ్లు పడుతది పిల్లలూ. మనిషి దాన్ని మొదటిసారి చూసినంక, ఈ సంవత్సరమే ఒక్క చుట్టు పూర్తి చేసింది. చూసిన జాగకే మళ్ల వచ్చింది.

"మనం ఎప్పుడు పోదాం సారూ దాని కాడికి?" అన్నది కళ్యాణి. "అవ్వ నిలవడ్డది గద."

తరగతి మొత్తం ఆయన దిక్కు చూసింది. ఎవరూ నవ్వలేదు. ఆయన బోర్డు దిక్కు తిరిగి, తుడిచిన జాగనే మళ్ల తుడిచిండు.

తెల్లారి బడికి పోయేముందు సైకిల్ మోటరు అటు తిప్పిండు. కల్వర్టు దాటి, వంపు దాటి, పసుపు చేను కాడ ఆపిండు. దిగి నిలబడ్డడు. తెల్లగీత మీద కాదు, పక్కన. అంత ధైర్యం లేదు.

టెంటు దిక్కు చూసిండు. టెంటు లేదు. స్టేజి లేదు. ఊరు లేదు. అక్కడినుంచి ఊరనేది ఒక్క వంపు, దాని మీద కదిలే ఎండ.

ఆ పొద్దు అవ్వ గీడ నిలబడి పోపు వాసన కోసం ముక్కు ఎత్తి ఉంటది. పిల్లల చప్పుడు కోసం చెవి పెట్టి ఉంటది. ఒక మాటను నోట్ల తిప్పుకుంట, సాపు చేసుకుంట, మళ్ల మొదలు పెట్టుకుంట…

చేను బాట మీద మాటలు వినబడ్డయి. కోతలకు పోయే ఆడోళ్లు. భుజాల మీద కొడవండ్లు, చేతుల సద్దిగిన్నెలు. వాళ్లల్ల సత్యవ్వ. మామూలు చీర.

రోడ్డెక్కి ఆయనను చూసింది. ఆగింది.

"ఏం సారు" అన్నది. "నిన్నెవలు నిలవెట్టిన్రు గీడ?"

ఆడోళ్లు పక్కున నవ్విన్రు. ఒకామె, "జగిత్యాల బస్సుకేమో తియ్యే" అన్నది.

"పిల్లలను తోలుకొస్త అవ్వా" అన్నడు సారు. తన గొంతు తనకే వినబడనంత చిన్నగ.

ఆమెకు వినబడ్డది.

"గప్పుడు గూడ గదే అన్నవు" అన్నది.

కొడవలి ఇంకో భుజానికి మార్చుకొని, ఆడోళ్లను కలుసుకోను గబగబ నడిచింది. వెనుకకు చూడలేదు.

సారును జరుగమని ఎవరూ అనలేదు. జరుగద్దనీ ఎవరూ అనలేదు.

ఎండ ఎక్కుతున్నది… కాళ్ల కింద డాంబరు మెత్తబడుతున్నది. చెప్పులకు అంటుకుంటున్నది.